ఇక్కత్ కర్టెన్లు: ఇన్నేళ్లు వాడాక చెబుతున్నా, ముఖ్యంగా వెనక వైపు గురించి

ఇంటికి ఇక్కత్ గుడ్డ వేసుకుంటే ఎట్లుంటుందని ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది దాని వెనక వైపు గురించే. షాపులో అందరూ ముందు వైపు చూసి కొంటారు. నాకు ఆ గుడ్డ మీద ప్రేమ పుట్టింది మాత్రం తిరగేసి చూసినప్పుడు. రెండు వైపులా అదే రంగు, అదే డిజైన్.

నల్లగొండలో మా ఇంట్లో హాలుకూ వంటింటికీ మధ్య తలుపు పెట్టలేదు, ఉత్త దర్వాజే. అక్కడ వేలాడే కర్టెన్‌ను హాల్లో కూర్చున్నవాళ్లు ఒక దిక్కు నుంచి, వంటింట్లో ఉన్నవాళ్లం ఇంకో దిక్కు నుంచి రోజంతా చూస్తాం. ఇదివరకు వేసిన ప్రింటు కర్టెన్లలో పువ్వులన్నీ హాలు వైపే ఉండేవి. మా వైపు వెలిసిన మచ్చలు, కుట్లు. వచ్చిపోయే చుట్టాలకు మంచి వైపు, పొద్దంతా పొయ్యి దగ్గర నిలబడే మనిషికి తిరగేసిన వైపు! ఇది నాకు ఎప్పుడూ సహించేది కాదు. ఇక్కత్ కర్టెన్ వేసిన మొదటి రోజు మా అత్తమ్మ వంటింట్లో నుంచి చూసి, "ఇది హాలు దిక్కా, మన దిక్కా?" అని అడిగింది. ఈ గుడ్డ గురించి నేను విన్న మెచ్చుకోళ్లలో అంతకు మించింది లేదు.

కారణం తెలిసిందే. ప్రింటులో రంగును నేసిన గుడ్డ మీద అద్దుతారు, అందుకే అది పైనే ఉంటుంది. ఇక్కత్‌లో నూలును ముందే లెక్క ప్రకారం సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలతో కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గం మీదికి తెస్తారు. డిజైన్ దారంలోనే ఉంటుంది కాబట్టి గుడ్డను ఎటు తిప్పినా అదే కనిపిస్తుంది. నేసేటప్పుడు దారాలు వెంట్రుకవాసి అటూఇటూ జరుగుతాయి. అందుకే బొమ్మ అంచులు చెదిరినట్టుంటాయి. కొనేటప్పుడు చూడాల్సిందీ అదే. అంచులు కత్తితో కోసినంత సూటిగా ఉండి, వెనక పాలిపోయి ఉంటే, ఎవరేం చెప్పినా అది ఇక్కత్ డిజైన్ వేసిన ప్రింటే.

గుడ్డ తెచ్చుకున్నది కొయ్యలగూడెంలో. చౌటుప్పల్ దగ్గర, విజయవాడ హైవే మీదే. చీరలకు పోచంపల్లి, పుట్టపాక పేరు చెబుతారు గానీ దుప్పట్లు, కర్టెన్ గుడ్డ కావాలంటే నేను కొయ్యలగూడెమే పొమ్మంటాను. ఈ ఊళ్లన్నీ 2016 దాకా మన నల్లగొండ జిల్లాలోనివే, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలోకి పోయినయి. ఖరీదు ప్రింటు కంటే బాగా ఎక్కువ. కానీ నేను బేరం ఆడను. పేక నూలుకు (మగ్గం మీద అడ్డంగా పడే దారానికి) ఆసు పోయడం అనే పని ఒకటుంది, అంటే కట్లు కట్టే ముందు ఆ దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి వరసగా పేర్చడం. ఒక్క చీరకు ఆడమనిషి వేల సార్లు చేయి అటూఇటూ తిప్పాలి. ఆ పనికి యంత్రం కనిపెట్టినందుకే చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం వచ్చినా కట్టడం, ముంచడం, విప్పడం ఇప్పటికీ చేతిపనే. ఇంత తెలిసీ మీటరుకు పది తగ్గించమని అడగబుద్ధి కాదు.

గుడ్డ ఇచ్చిన ఇంటావిడ ఒక మాట చెప్పింది: "అక్కా, కుట్టిచ్చే ముందు ఒక రాత్రి ఉత్త నీళ్లల్ల నానబెట్టు. ఎంత గుంజుకోవాల్నో అంత అప్పుడే గుంజుకుంటది." అట్లే చేశాను. కర్టెన్లు ఇప్పటికీ నేలకు సమానంగా దిగుతున్నాయి.

ఇంటిని అందంగా సర్దుకోవాలని ఫోన్లో ఫోటోలు చూసేవాళ్లకు నేను చెప్పేది, గుడ్డను చివరికి పెట్టుకోవద్దని. మామూలుగా గోడలకు రంగు, ఆపైన సోఫా, మిగిలిన డబ్బుతో కర్టెన్లు కొంటారు. నేను ముందు గుడ్డ కొన్నాను. అందులో మూడే రంగులు: ఇటుక ఎరుపు, నలుపు, కొంచెం పసుపు తగిలిన తెలుపు. పాత తేలియా రుమాళ్లలో, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే చదరపు ఇక్కత్ గుడ్డల్లో, ఉండే రంగులే దాదాపుగా ఇవి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. పెయింటు షాపు వాళ్ల షేడ్ కార్డును గుడ్డ పక్కన పెట్టి, పొద్దున ఒకసారి, పగటిపూట ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూసి, గుడ్డలోని ఆ తెలుపునే గోడకు తీసుకున్నాను. మల్లెపువ్వు తెలుపు వేసి ఉంటే ఎరుపు కళ్లలో పొడిచేది. కింద తాండూరు బండల బూడిద నీలానికి ఎరుపు బాగా కుదిరింది. సోఫా మీద డిజైన్ ఏమీ లేదు, ముదురు బూడిద రంగు సాదా గుడ్డ. ఒక గదిలో ఒక్క డిజైన్ గుడ్డ చాలు. రెండోది వస్తే రెండూ పోట్లాడుకుంటాయి.

లైటు సంగతి కూడా. తెల్లటి 6500 కెల్విన్ ట్యూబులైటు కింద ఇటుక ఎరుపు చచ్చిపోయి కనిపిస్తుంది. 3000 కెల్విన్ పసుపు లైటు పెట్టాక అదే గుడ్డ ప్రాణం పోసుకుంది. బల్బు మార్చడం కంటే చవకగా గది అందం పెంచే పని నాకు తెలియదు.

ఇక పడమటి కిటికీ.

హాల్లో పడమర వైపు పెద్ద కిటికీ ఉంది. నల్లగొండ ఎండ తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మేలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మధ్యాహ్నం రెండింటి నుంచి పొద్దుగూకే దాకా ఆ కిటికీ మీద నేరుగా ఎండే. రంగు పోతుందా అని కొనేటప్పుడు అడిగితే పోదన్నారు. నీళ్లలో నిజంగానే పోలేదు, ఇన్ని ఉతుకుల్లో బకెట్టు నీళ్లు ఎర్రబడింది లేదు. ఎండ పని మాత్రం వేరు. మొదటి ఎండాకాలం పోయాక దసరాకు కర్టెన్లు విప్పి మంచం మీద పరిచాను. ఎరుపు నిలువు చారలు చారలుగా వెలిసిపోయి ఉంది. మడతల్లో బయటికి ఉబికిన భాగం పాలిపోయింది, లోపలికి ముడుచుకున్న భాగం కొత్తదాని లెక్కనే ఉంది. నలుపు చెక్కుచెదరలేదు. మగ్గం మీద ఎవరో అన్నన్ని రోజులు కూర్చుని నేసిన గుడ్డ. ఆ మంచం పక్కన నిలబడి నాకు ఏడుపొచ్చింది.

కానీ తిరగేసి చూస్తే గది వైపు ఎరుపు చాలా వరకు నిలిచి ఉంది. అందుకే, రెండు వైపులా ఒకటే అని పైన నేను రాసిన మాట ఎండ తగలని చోటికే పూర్తిగా వర్తిస్తుంది. వంటింటి దర్వాజ కర్టెన్ ఇప్పటికీ రెండు దిక్కులా ఒకటే. కిటికీది ఒక్క ఎండాకాలానికే ముందు, వెనక తెలిసే గుడ్డ అయింది.

మా దర్జీ దాన్ని చూసి, "మేడం, అస్తరు వెయ్యాల్సిందే. ఎండంతా అది తాగుతది, మీ గుడ్డ బతుకుతది" అన్నాడు. అస్తరు అంటే వెనక కుట్టే లైనింగ్ గుడ్డ. మాట సబబైనదే. కానీ అస్తరు వేస్తే వెనక వైపు మూసుకుపోతుంది. వెలుతురు గుడ్డలో నుంచి వచ్చి ఎరుపు, తెలుపు బండల మీద పడే అందం పోతుంది. దేని కోసం ఆ గుడ్డ కొన్నానో దాన్నే దాచుకోవడమవుతుంది. ఒప్పుకోలేదు.

ఆ కర్టెన్లను విప్పదీసి దివాన్ మీదికి దిండు గలీబులు, కుషన్ కవర్లు కుట్టించాను. వెలిసిన వైపు లోపలికి, నిలిచిన వైపు పైకి. మడత కుట్టు విప్పితే లోపల దాగిన గుడ్డ మగ్గం దించిన రోజు ఎట్లుందో అట్లే ఉంది. దర్జీ దాన్ని కత్తిరించి కుషన్లకు అంచులుగా వేశాడు. ప్రింటు గుడ్డ అయితే ఇంత పని జరిగేది కాదు, తిప్పడానికి రెండో వైపే ఉండేది కాదు కదా. ఇప్పుడు మా ఇంట్లో అందరూ ముందు మెచ్చుకునేది ఆ దివాన్‌నే. నాకు దక్కిన సంతోషం కూడా అదే.

దర్జీలతో ఇంకో ఇబ్బంది ఉంది. మగ్గం గుడ్డ పన్నా (వెడల్పు) తక్కువ. నాకు దొరికింది 48 అంగుళాలు. పెద్ద కిటికీకి రెండు మూడు ముక్కలు కలపాలి. నూలు మీదే కట్టిన డిజైన్ కాబట్టి ముక్కకూ ముక్కకూ అచ్చంగా కలవదు, ఒక వేలెడు తేడా వస్తుంది. మడతల్లో కనబడదు. తేడా కనిపిస్తే మనసు పట్టని వాళ్లు చారల రకం తీసుకోవడం మంచిది. మహబూబ్‌నగర్‌లో మా వదిన అసలు ఇక్కత్ జోలికే పోలేదు. నారాయణపేట గళ్ల నూలు గుడ్డతో దివాన్ వేసుకుంది, చూడముచ్చటగా ఉంది. గళ్లు కలపడం దర్జీకీ తేలిక.

ఉతకడానికి నల్లా నీళ్లే వాడతాను. మా బోరు నీళ్లల్లో సబ్బు సరిగా నురగ రాదు, గుడ్డ బిరుసెక్కి రంగు మసకబారుతుంది. నీడలోనే ఆరేస్తాను, అదీ తిరగేసి.

మరి కొనమంటానా? దర్వాజలకు, లోపలి గదులకు, దివాన్‌కు, తూర్పు, ఉత్తరం కిటికీలకు అయితే ఏ సందేహం లేకుండా కొనండి. మాకు ముందు వరండా ఉంది, ఇంట్లో గోడలకు, పరదాలకు చేతులు తుడిచే చిన్నపిల్లలు లేరు, పగలు ఎవరో ఒకరం ఇంట్లో ఉండి ఎండ మళ్లగానే కర్టెన్ పక్కకు జరుపుతాం. ఇవేవీ లేని ఇంట్లో, ఏడాదికోసారి మారే కిరాయి ఇళ్లలో, కిటికీ కొలత ఎప్పుడూ ఒకటి ఉండని చోట, ఇంత డబ్బు పెట్టమని నేను అనలేను. పడమటి కిటికీకి బయట వెదురు తెర కట్టించి, లోపల ఈసారి ఎరుపు లేకుండా నలుపు, తెలుపు ఇక్కత్ వేశాను. అస్తరు లేకుండానే. ఇప్పటికి ఒక ఎండాకాలం దాటింది, చారలు పడలేదు. ఎరుపు లేని ఆ కిటికీ మాత్రం నాకు ఇంకా అలవాటు కాలేదు.