సర్కారు కొలువా, ప్రైవేటు ఉద్యోగమా: ఏది మేలు?

డిగ్రీ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ నడిచే వాదనే ఇది. ఈమధ్య మొగ్గు సర్కారు కొలువు వైపే. ఎందుకో తెలిసిందే, ప్రైవేటు కంపెనీల్లో ఉన్నట్టుండి ఉద్యోగాలు తీసేస్తున్నారు. పొద్దున లాగిన్ అవకపోతే నెట్ సమస్య అనుకుంటారు. కాసేపటికి హెచ్‌ఆర్ నుంచి పిలుపు, సాయంత్రానికి ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ అప్పగింత. ఈఎంఐ మాత్రం ఆగదు.

భద్రత ఒక్కటే కొలమానమైతే ప్రభుత్వోద్యోగానిదే పైచేయి. రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రకారం అభియోగమేమిటో చెప్పకుండా, విచారణ జరపకుండా, మన వాదన వినకుండా డిస్మిస్ చెయ్యడం కొన్ని మినహాయింపుల్లో తప్ప కుదరదు. ప్రైవేటులో మేనేజర్ స్థాయికి చేరినవాళ్లకు కార్మిక చట్టాల రక్షణ కూడా పెద్దగా ఉండదు.

పెన్షన్ కోసమే అనేవాళ్లు మాత్రం ఒక్కసారి ఆగాలి. 2004 జనవరి 1 నుంచి కేంద్ర సర్వీసులో చేరినవాళ్లకు, సైనిక దళాలు మినహా, పాత పెన్షన్ లేదు. 2025 ఏప్రిల్ 1న వచ్చిన యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం) ఎంచుకుంటే పాతికేళ్ల సర్వీసుకు చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం వస్తుంది. అందుకు నెలనెలా జీతంలో కోత తప్పదు.

నన్ను బాధపెట్టేది కొలువు కాదు, దాని కోసం ఎదురుచూపు. తెలంగాణ గ్రూప్-1నే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే పోయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. అన్నాళ్లూ హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉన్నవాళ్లకు అద్దె ఎవరు కట్టారు? ఊళ్లో అమ్మానాన్నలే. ఉద్యోగంలో ఉండే భద్రతను చూసి మురిసిపోతాం గానీ, అది వచ్చేదాకా ఏ భద్రతా లేదని ఎవరూ చెప్పరు.

ఇక ప్రభుత్వాఫీసులో అవుట్‌సోర్సింగ్ కొలువు. కుర్చీ సర్కారుది, జీతం ఇచ్చేది ఏజెన్సీ. 311 రక్షణ దానికి లేదు. పర్మనెంట్ చేస్తారన్న ఆశతో నికరమైన ప్రైవేటు ఉద్యోగం వదిలి ఇందులోకి రావద్దు.

నన్నడిగితే ముందు ప్రైవేటులో చేరడమే మేలు. జీతం చేతికొస్తుంటే పొద్దున రెండు గంటలు, ఆదివారాలు చదువుకోవచ్చు. ప్రిలిమ్స్ గట్టెక్కాక మెయిన్స్‌కి సెలవు అడగండి, ఇవ్వకపోతే అప్పుడు మానేయండి. నోటిఫికేషన్ కూడా రాకముందే రాజీనామా మాత్రం వద్దు.