ఆరున్నర లక్షలు అడుగుతున్న లో బోనెట్ జీపు

రాజోలు పక్క రొయ్యల చెరువుల మధ్య ఊళ్ళో ఒక లో బోనెట్ జీపు అమ్మకానికి ఉంది. 1944 విల్లీస్ అనీ, పెట్రోలు ఇంజిన్ అనీ, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ పడుతోందనీ చెబుతున్నారు. అడిగేది ఆరున్నర లక్షలు. కొత్తగా కొట్టిన మిలిటరీ ఆకుపచ్చ రంగు, బోనెట్ మీద తెల్ల నక్షత్రం, వెనకాల జెర్రీ క్యాను. పెళ్ళికొడుకులా ఉంది. మా లెక్కలో మాత్రం మూడు లక్షల అరవై వేల దగ్గర ఆగింది. రంగుకీ నక్షత్రానికీ క్యానుకీ ఆ లెక్కలో పైసా వెయ్యలేదు.

అసలు ఇది ఏ జీపో ముందు తేలాలి. మన వైపు బోనెట్ కిందకుంటే చాలు, విల్లీస్ అనేస్తారు. యుద్ధకాలం జీపుని విల్లీస్ కంపెనీ 1941 నుంచి 1945 దాకా ఎంబీ పేరుతో చేసింది. అదే డిజైనుతో ఫోర్డ్ 1942 నుంచి జీపీడబ్ల్యూ పేరుతో చేసింది. రెండిటికీ రేకు గ్రిల్లులో నిలువు సందులు తొమ్మిది. ఏడే ఉంటే అది యుద్ధం తర్వాతి మోడల్. మహీంద్రా వాళ్ళు ఇక్కడ ఏళ్ళ తరబడి చేసిన సీజే3బీకి బోనెట్ ఎత్తు, ఎందుకంటే ఆ ఇంజిన్లో ఇన్‌లెట్ వాల్వులు ఇంజిన్ పైభాగమైన హెడ్డులోకి వెళ్ళి ఇంజినే పొడుగైంది. ఇక హర్యానాలోని మండీ డబ్వాలీ లాంటి చోట్ల కొత్త రేకుతో కట్టించి తెచ్చే లో బోనెట్లున్నాయి. తిరగడానికి బాగానే ఉంటాయి గానీ, వాటిని 1944 ధరకి కొంటే కొత్త రేకుకి పాత ధర కట్టినట్టే.

ఛాసిస్ ఎవరిదో చూడ్డం నిమిషం పని. రేడియేటర్ కింద, రెండు ఛాసిస్ పట్టాలనీ కలిపే ముందు అడ్డపట్టీని తడిమి చూడండి. గుండ్రటి పైపైతే విల్లీస్, బోర్లించిన 'యూ' ఆకారంలో ఉంటే ఫోర్డ్. ఈ బండికి బోర్లించిన 'యూ'నే ఉంది. కొన్ని బోల్టుల తలల మీద ఫోర్డ్ వేసే 'ఎఫ్' అక్షరం కూడా కనబడుతోంది. ఇంజిన్ బ్లాకు కుడి పక్కన, ఆయిల్ ఫిల్టరు వెనక ఉన్న నంబరు మాత్రం ఎంబీతో మొదలైంది. అంటే ఫోర్డ్ ఛాసిస్ మీద విల్లీస్ ఇంజిన్. సామాన్లు ఒకదానివి ఒకదానికి పడతాయి కాబట్టి ఇలా కలిసిపోయిన బండ్లు తక్కువేం కాదు. నడిపేవాడికి నష్టం లేదు. నంబర్లన్నీ కలవాలనుకునే, పాత బండ్లు సేకరించేవాడు మాత్రం ఈ ధర ఇవ్వడు.

ఇక అసలు సంగతి. కోనసీమలో జీపు పైనుంచి కాదు, కిందనుంచి చచ్చిపోతుంది. ఉప్పుగాలి, చెరువు గట్ల మీద ఉప్పు బురద, ఆ పైన బోరునీళ్ళతో కడగడం. ఈ జీపు ఫ్లోరు కింద టోపీ ఆకారంలో రేకు ఛానెళ్ళుంటాయి, బలం కోసం వాటి లోపల చెక్క పెట్టారు. నీళ్ళు పట్టిన చెక్క ఆరదు. ఛానెల్ లోపలినుంచే తుప్పు తినేస్తుంది, పైన రంగు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో ఛానెల్ పొడుగునా అంగుళానికోసారి గట్టిగా నొక్కుతూ పోవాలి. ఈ బండికి డ్రైవర్ సీటు కింద మొన లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే తడి చెక్కపొడి, కుళ్ళిన కొబ్బరిపీచు వాసన. ఛాసిస్ పట్టాల నీటి కంతల్లో తీగ పెట్టి గోకితే ఎండిన ఒండ్రు రాలింది. మా వైపు పాత బండికి ఈ పరీక్ష తప్పదు. 1986 గోదావరి వరదలాంటివి చూసిన నేల ఇది. ఒండ్రు కనబడితే గేరుబాక్సు, ఆక్సిళ్ళ ఆయిల్ కూడా వదిలి చూడాలి. పాలు కలిసిన కాఫీ రంగులో దిగితే లోపలికి నీళ్ళు పోయినట్టు.

బాడీ మీద లప్పం ఎంత ఉందో చూడ్డానికి పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. ఎడమ పక్క వెనక చక్రం పైన జానెడు మేర అది నిలబడలేదు. ఛాసిస్‌కి వాడి తీసేసిన ఇంజిన్ ఆయిల్ పూసి ఉంది. అది మోసం అనుకోనక్కర్లేదు, తుప్పు రాకుండా ఇక్కడ అలా పూస్తారు. కాకపోతే గుడ్డతో తుడిచాకే అతుకులు కనబడతాయి. వెనక అడ్డపట్టీకి, అంటే క్రాస్ మెంబర్‌కి రెండు పాత వెల్డింగులు అలాగే బయటపడ్డాయి.

ఇంజిన్ గురించి జనం భయపడేది ఎక్కువ, ఖర్చయ్యేది తక్కువ. 2.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, 60 హార్స్ పవర్, వాల్వులు బ్లాకులోనే. మామూలు లేత్ షాపులో బోరింగ్ అయిపోతుంది. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెడితే వరసగా 95, 92, 60, 90 పీఎస్ఐ వచ్చాయి. ఆరోగ్యంగా ఉంటే 100 దాటాలి, సిలిండర్ల మధ్య తేడా 10 లోపుండాలి. మూడో దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే 85కి లేచింది. అంటే రింగులూ బోరూ అరిగాయి. ఆయిల్ పోసినా లేవకపోతే తప్పు వాల్వుది. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోతే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి. వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ ప్రెషర్ 10కి తగ్గకూడదు, దీనికి 12 ఉంది. బ్లాకు పక్కనున్న వెల్చ్ ప్లగ్గుల (నీటి గదుల కంతలు మూసే రేకు బిళ్ళల) చుట్టూ ఎర్రటి చార కారింది. రేడియేటర్లో బోరునీళ్ళు పోశారన్నమాట.

డీజిల్ ఇంజిన్ ఎక్కించిన జీపయితే ఇదే లెక్క పనికిరాదు. మటాడోర్ ఇంజిన్, ప్యూజో ఇంజిన్ పెట్టినవి బోలెడున్నాయి. బరువూ అదురూ ఎక్కువ కాబట్టి ముందు ఇంజిన్ మౌంటింగుల దగ్గర ఛాసిస్ చీలిందేమో వెతకాలి.

రెండో గేరులో వేగం తీసుకుని యాక్సిలరేటర్ వదిలితే గేరు ఎగిరిపోవడం ఈ మోడల్ పాత రోగం, దీనికి లేదు. గేరుబాక్సు వెనకుండి ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో ఆయిల్ పొంగేంత ఉండి గేరుబాక్సులో తక్కువైతే కంగారు పడకండి. మధ్య సీలు పోయి ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి దిగింది, అంతే. ఫోర్ బై ఫోర్‌ని తారు రోడ్డు మీద పరీక్షించవద్దు, లివరు బిగుసుకుపోతుంది. తడి కాలవగట్టు మీదో, దమ్ము చేసిన చేలోనో చూడండి. స్టీరింగ్ మూడంగుళాలు ఊరికే తిరుగుతోంది. ముందు అడ్డపట్టీ మీదున్న బెల్ క్రాంక్ (స్టీరింగ్ కదలికని చక్రాలకి మళ్ళించే ముక్క) అరిగింది. ఒకరు స్టీరింగ్ ఊపుతుంటే ఇంకొకరు కింద పడుకుని చూస్తే తెలిసిపోయింది.

ఇప్పుడు లెక్క. ఇదే రకం బండి, కాగితాలు సరిగ్గా ఉండి రిపేరు లేకుండా తిరిగేది, ఐదున్నర లక్షలు పలుకుతుందనుకుందాం. మెకానిక్కులనడిగి మేం కట్టిన అంచనాల్లో ఫ్లోరు ఛానెళ్ళకీ క్రాస్ మెంబర్‌కీ 55 వేలు, ఇంజిన్‌కి 75 వేలు, స్టీరింగ్‌కి 18 వేలు, బ్రేకులకి 14 వేలు, 6.00-16 టైర్లు ఐదింటికి 25 వేలు. మొత్తం లక్షా 87 వేలు. తీసేస్తే మూడు లక్షల 63 వేలు. బేరం మూడు నలభై నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే ఫ్లోరు విప్పాక కనబడే తుప్పు ఎప్పుడూ అనుకున్నదానికన్నా ఎక్కువే. ఛానెళ్ళ ఖర్చుని సగానికి బేరమాడే మెకానిక్కుని నమ్మకండి, వాడు రేకు మీద రేకు అతికిస్తాడు.

కాగితాల దగ్గర ఈ బండికి ఒక ముడి ఉంది. సీ బుక్కులో ఉన్న ఇంజిన్ నంబరుకీ బ్లాకు మీద నంబరుకీ పొంతన లేదు. బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నంత మాత్రాన తీరేది కాదిది, బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గర ఆగుతుంది. ఇంజిన్ మార్పు రికార్డులో ఎక్కించే పని అమ్మేవారి మీదే పెట్టాలి. లేదంటే ఇంకో పాతిక వేలు తగ్గించాలి. 50 ఏళ్ళు దాటిన బండ్లకి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా అంటారు. ఉంది. కొత్తగా అయితే 20 వేల ఫీజు, నంబరులో 'వీఏ' అక్షరాలు, పదేళ్ళ గడువు. కానీ అలా రిజిస్టరైన బండిని ప్రదర్శనకీ ర్యాలీకీ మరమ్మతుకీ తప్ప రోజూ చెరువుల మీదకి తిప్పకూడదు. పైగా బండి అసలు రూపంలోనే ఉండాలి. రోజూ నడపాలంటే పాత నంబరు బతికుండటమే విలువ.

అమ్మేవారు ప్రస్తుతానికి ఐదు ఇరవైకి దిగారు. మళ్ళీ వెళ్ళేవాళ్ళు పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళండి. బోనెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజిన్లో ఆ మూడో సిలిండరు పొగ దాగిపోతుంది. బయానా మాత్రం ఛాసిస్ నంబరు తుడిచి, సీ బుక్కు పక్కన పెట్టి చదివాకే.