కాలనీ గోడకు ఇనుప తుక్కా, టైల్స్ ముక్కలా?

కాలనీవాళ్లంతా కలిసి పాత సామానుతో ఏదైనా కళాకృతి చేయాలనుకుంటే ఇనుప తుక్కు చూపుకు ఘనంగా ఉంటుంది. 2019లో తెరిచిన ఢిల్లీ వేస్ట్ టు వండర్ పార్కులో ప్రపంచ ఏడు వింతల నమూనాలూ దానితో చేసినవే. మన తెనాలి శిల్పులైతే నట్లు, బోల్టులతో నిలువెత్తు విగ్రహాలే నిలబెడుతున్నారు. కానీ వెల్డింగ్ వచ్చినవాళ్లే చేయాలి, మిగతావాళ్లు దూరంగా నిలబడి చూడాలి. పైగా తుప్పు టెన్షన్.

నా ఓటు టైల్స్ ముక్కలకు, పగిలిన గాజులకే. చండీగఢ్ రాక్ గార్డెన్‌లో దాన్ని తీర్చిదిద్దిన నేక్‌చంద్ తన బొమ్మలకు తొడిగింది ఇవే. తడి సిమెంటులో నాయనమ్మ ఎర్రగాజు ముక్క నొక్కుతుంది, పక్కనే మనవడు విరిగిన కప్పు పిడి అతికిస్తాడు. పదునైన అంచులు మాత్రం పెద్దవాళ్లు ముందే అరగదీయాలి, అందరూ గ్లవుజులు వేసుకోవాలి. టైల్స్ రంగు ఎండకూ వానకూ వెలిసిపోదు.