మ్యాఫ్ ఉంచాలా, మ్యాప్‌కి మారాలా: రోజూ రోడ్డెక్కే ట్యూన్డ్ కారుకి ఏది మేలు?

"పెద్ద టర్బో వేశాను, ఇంజెక్టర్లు మార్చాను, ఇక మ్యాఫ్ పీకేసి మ్యాప్ మీదికి వెళ్లిపోనా?" వారానికి ఒకరైనా ఇదే అడుగుతున్నారు. పోయినేడాది నేనూ అదే పని చేశాను. ఎనిమిది నెలలు మ్యాప్ మీద తిరిగి, మళ్లీ మ్యాఫ్ బిగించుకున్నాను. కాబట్టి నా మొగ్గు ఎటో దాచేదేమీ లేదు. అయినా అవతలి వాదన తేలికైనదేం కాదు.

(మ్యాఫ్ అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి బరువు కొలిచే సెన్సర్. ఇక్కడ మ్యాప్ అంటే మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్, సిలిండర్లకి గాలి పంచే గొట్టాల గుత్తిలో ఒత్తిడి చూసేది. ట్యూనర్ లాప్‌టాప్‌లో తెరిచే మ్యాప్ కాదు. సగం వాదనలు ఈ గందరగోళంలోనే పుడతాయి.)

మ్యాఫ్ గాలిని తూస్తుంది. మ్యాప్ ఉన్నచోట ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) లెక్కగట్టుకోవాలి. మ్యాఫ్‌లోని వేడి తీగను గాలి చల్లబరుస్తుంటే, ఆ వేడి నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి సెకనుకి ఇన్ని గ్రాములని తేలుస్తారు. మ్యాప్ చెప్పేది ఒత్తిడి ఒక్కటే. దానికి ఆర్‌పీఎం, గాలి ఉష్ణోగ్రత, వీఈ టేబుల్ (ఏ వేగంలో, ఏ ఒత్తిడిలో సిలిండర్ ఎంత నిండుతుందో చెప్పే పట్టిక) తోడైతే గానీ గాలి బరువు రాదు.

మ్యాఫ్ మీద అందరూ చెప్పే ఫిర్యాదు అది గాలికి అడ్డమని. పాత రెక్క మీటర్లకది నిజం, సన్నటి తీగ ఉన్నవాటికి అంతగా వర్తించదు. అసలు తలనొప్పి గొట్టాల అతుకులు. మ్యాఫ్ దాటాక టర్బో లోపు ఎక్కడ వదులైనా, తూకంలోకి రాని గాలి లోపలికి దూరి ఇంజిన్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందదు. టర్బో తర్వాత బూస్ట్‌లో (టర్బో నెట్టే అదనపు ఒత్తిడిలో) లీకైతే తూచిన గాలి బయటికి పోయి రిచ్ అవుతుంది, అంటే పెట్రోల్ ఎక్కువవుతుంది. నా కారుకి ఒకసారి టర్బో ఇన్‌లెట్ దగ్గర క్లాంప్ వదులైంది. ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌కి చేసే సర్దుబాటు) ఐడిల్‌లో 18 శాతం ఎక్కువ, హైవే మీద 4 మాత్రమే. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందుకే ఆ చిన్న సందు అక్కడ పెద్ద వాటా అయింది. ఇలా రెండు అంకెలు చూసి లీకని పట్టుకోవచ్చు. అదే మ్యాప్ ఉంటే లీకైన గాలి కూడా మానిఫోల్డ్ ఒత్తిడిలో కనబడుతుంది కాబట్టి ఇంజిన్ పట్టించుకోకుండా నడిచేది. బ్లో ఆఫ్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదలగానే టర్బో ఒత్తిడిని వదిలేసేది) సంగతీ అంతే. గాలిని బయటికి వదిలే రకం పెడితే మ్యాఫ్ కారు ప్రతి గేర్ మార్పుకీ ఒక్క క్షణం రిచ్ అయి నల్లగా దగ్గుతుంది. ఆ "ప్ష్" శబ్దమే ముఖ్యమనుకునేవాళ్లు మ్యాప్ తీసుకోండి, ఇక చదవక్కర్లేదు.

మ్యాఫ్‌కి కొలత పరిమితి కూడా ఉంది. సిగ్నల్ పైఅంచుకి తగిలాక గాలి ఎంత పెరిగినా ఈసీయూకి తెలియదు, పెట్రోల్ పెరగదు. అప్పుడు అదే సెన్సర్‌ని వెడల్పాటి గొట్టంలో పెడతారు. 70 మిల్లీమీటర్ల నుంచి 80కి వెళితే వైశాల్యం దాదాపు 30 శాతం పెరుగుతుంది, పరిధీ సుమారుగా అంతే. దానికి మూల్యం ఐడిల్‌లో చెల్లిస్తాం, అక్కడ సిగ్నల్ పలచబడుతుంది. కొత్త గొట్టానికి కాలిబ్రేషన్ కూడా మళ్లీ చేసుకోవాలి.

ఇంతవరకు చూస్తే మ్యాప్‌దే పైచేయి. నన్ను వెనక్కి తెచ్చింది వేడి.

ఎండాకాలం మధ్యాహ్నం కారు ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేశాను. గాలి ఉష్ణోగ్రత సెన్సర్ అల్యూమినియం మానిఫోల్డ్‌లో ఉంది. అది చూపింది 62 డిగ్రీలు. లోపలికి వస్తున్న గాలి నిజానికి 35 దరిదాపుల్లో ఉంటుంది. కెల్విన్‌లో చూస్తే 335కి 308. వేడి గాలి పలచన కాబట్టి, ఉన్న గాలి కంటే 8 శాతం తక్కువ ఉందని ఈసీయూ నమ్మి ఆ మేరకు పెట్రోల్ తగ్గించింది. ఐడిల్‌లో లామ్డా సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ చూసేది) కాసేపట్లో సర్దుతుంది. కానీ పార్కింగ్ దాటగానే గట్టిగా తొక్కితే ఆ సర్దుబాటు కాలం దొరకదు. దీన్ని సరిచేసే టేబుల్ చాలా ఈసీయూల్లో ఉంటుంది. కూలెంట్ వేడి ఎంత కలపాలి, గాలి ప్రవాహం పెరిగేకొద్దీ ఎంత తగ్గించాలి అన్నది అందులో నింపాలి. అది నింపడానికి రకరకాల వాతావరణాల్లో, ట్రాఫిక్‌లో, రోజుల తరబడి లాగ్‌లు (సెన్సర్ రీడింగుల రికార్డులు) తీయాలి. మనం డైనో (కారుని ఒకేచోట నిలిపి నడిపి పరీక్షించే యంత్రం) మీద ట్యూన్ చేయించుకునేది ఒక్క పూట. బానెట్ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి. ఆ పూట మానిఫోల్డ్‌కి అంత వేడి పట్టే అవకాశమే లేదు.

మ్యాఫ్ అయితే వచ్చిన గాలినే తూస్తుంది, మానిఫోల్డ్ ఎంత కాలినా దాని తూకం మారదు. క్యామ్ (ఇంజిన్ వాల్వులు తెరిచే ఇరుసు) మార్చినా, ఎగ్జాస్ట్ మార్చినా అంతే. మ్యాప్‌లో అలాంటి ప్రతి మార్పుకీ వీఈ టేబుల్ మళ్లీ సవరించాలి. ఒక్కసారి ట్యూన్ చేసి ఆగిపోయేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

క్యామ్ మరీ పెద్దదైతే మాత్రం మాట వేరు. వెనక్కి తన్నిన గాలిని సాధారణ వేడి తీగ రెండోసారి లెక్కేస్తుంది, అక్కడ మ్యాప్ నయం. ముందు భాగంలో ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది), మీటర్ల కొద్దీ గొట్టాలు ఉన్నప్పుడు కూడా థ్రాటిల్ తొక్కగానే మ్యాప్ తొందరగా స్పందిస్తుంది. వెడల్పు గొట్టంలో పెట్టినా మ్యాఫ్ పరిధి చాలనంత టర్బో ఉంటే ఇక మ్యాప్‌కే వెళ్లాలి.

వెళ్లేటట్టయితే సెన్సర్ సైజు చూసుకోండి. 2 బార్ సెన్సర్ అంటే 2 బార్ బూస్ట్ కాదు, అది పరమ ఒత్తిడి, అంటే శూన్యం నుంచి కొలిచింది. సముద్ర మట్టంలో ఒక బార్ వాతావరణానిదే, బూస్ట్‌కి మిగిలేది ఇంకో బార్. పెద్దది కొంటే ఐడిల్‌లో సూక్ష్మత పోతుందనే భయం అక్కర్లేదు. సిగ్నల్‌ని 1024 మెట్లుగా చదివే 10 బిట్ ఈసీయూలో కూడా 4 బార్ సెన్సర్‌కి ఒక్కో మెట్టు సుమారు 0.4 కిలోపాస్కల్ మాత్రమే.

థ్రాటిల్ కోణం, ఆర్‌పీఎం మాత్రమే చూసే ఆల్ఫా ఎన్ పద్ధతి ఒక్కో సిలిండర్‌కి ఒక్కో థ్రాటిల్ ఉన్నవాళ్లది. రోడ్డు మీది టర్బో కారుకి వద్దు.

చివరిగా, మ్యాఫ్ తీసేసేముందు దాని ప్లగ్‌లో పిన్నులు లెక్కపెట్టండి. చాలా కార్లలో గాలి ఉష్ణోగ్రత సెన్సర్ కూడా అందులోనే ఉంటుంది. ప్లగ్ పీకితే అదీ పోతుంది. ఉంచినా అది టర్బోకి ముందు గాలిని చూస్తుంది కాబట్టి మ్యాప్ లెక్కకి పనికిరాదు. ఇంటర్‌కూలర్ బయటికొచ్చే గొట్టంలో, మొన బయటికి తెరిచి ఉన్న రకం సెన్సర్ విడిగా పెట్టాలి. నేను దాన్ని మానిఫోల్డ్‌లో బిగించడమే చేసిన తప్పు.