ప్రైమర్ అక్కర్లేదన్న డబ్బా, గులాబీ మరకల డ్రస్సర్

ఈ డ్రస్సర్‌కి, అంటే బట్టలు పెట్టుకునే సొరుగుల బల్లకి, రంగు వేసి నాలుగేళ్ళు దాటింది. వేసిన కొత్తలో దీన్ని తెగ పొగుడుతూ రాశాను. అందులో సగం మాటలకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను, మిగతా సగం గురించే ఇప్పుడు రాస్తున్నది. ముఖ్యంగా "ప్రైమర్ అక్కర్లేదు, గీకక్కర్లేదు, నేరుగా వేసేయండి" అని డబ్బా మీద పెద్దక్షరాలతో రాసి అమ్మిన ఆ చాక్ పెయింట్ (సుద్దలా మెరుపు లేకుండా ఎండే రంగు) మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. ప్రైమర్ అంటే అసలు రంగుకి ముందు వేసే పునాది పూత. కంపెనీ పేరు రాయను. అదే మాట రాసి అమ్మేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఒక్కళ్ళని అని లాభం లేదు.

మాది డాలస్ శివారు. ఇక్కడ ఎస్టేట్ సేల్ అంటే ఇంట్లో పెద్దవాళ్ళు పోయాకో, వృద్ధాశ్రమానికి మారాకో ఇంట్లో సామానంతా ఉన్నచోటే పెట్టి అమ్మేయడం. అలా దొరికింది ఈ తొమ్మిది సొరుగుల, వంపు కాళ్ళ ఫ్రెంచ్ ప్రొవిన్షియల్ (ఫ్రాన్స్ పల్లె తరహా) డ్రస్సర్, దాంతోపాటు రెండు తెల్ల నైట్‌స్టాండ్‌లు. అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. "ఎవరో పోయినవాళ్ళ సామాను ఇంట్లోకి తెస్తారటే, కొత్తది కొనుక్కునే స్తోమత లేదా?" అని రెండు రోజులు దాని వైపు చూడలేదు. మూడో రోజు సొరుగు లాగి చూసింది. ఇంకేం మాట్లాడలేదు.

ఆ సొరుగుల సంగతి నేను అప్పుడు రాసినదంతా నిజం. మూలల్లో చెక్క పళ్ళు ఒకదాంట్లో ఒకటి దిగి బిగుసుకున్న డవ్‌టెయిల్ అతుకులు, అడుగున మధ్యలో చెక్క పట్టీ. పట్టు చీరలు నిండా కుక్కినా కుంగలేదు. వాన కాలంలో చెక్క ఉబ్బి ఒకటి రెండు బిగుస్తాయి, పట్టీ మీద కొవ్వొత్తి రుద్దితే సరి. ఈ ధరకి కొత్త ఫర్నిచర్ షాపులో వచ్చేది అట్టముక్కల్లాంటి చెక్కపొట్టు పలకే. ఇంత వరకూ ఏ ఫిర్యాదూ లేదు.

ఇక రంగు దగ్గరికి వస్తాను.

చాక్ పెయింట్ ఆలోచన ఆనీ స్లోన్ అనే ఆవిడది, 1990లో ఇంగ్లండులో మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ తరహావి అనేక కంపెనీలు అమ్ముతున్నాయి. నేను కొన్నది వాటిల్లో ఒకటి, మీగడ తెలుపు. మొదటి కోటు వేసిన సాయంత్రం చాలా బాగుంది. పొద్దున్నే గరాజ్ లైటు వేసి చూస్తే డ్రస్సర్ పక్క పలకంతా లేత గులాబీ రంగు! అక్కడక్కడ, కణుపులున్న చోట, పసుపు చారలు కూడా. రెండో కోటు వేశాను. ఎండే దాకా తెలుపే, ఎండాక మళ్ళీ గులాబీ. కస్టమర్ కేర్‌కి ఫొటోలు పంపితే వచ్చిన జవాబు "ఇంకో కోటు వేయండి". ఇంకో కోటు అంటే ఇంకో డబ్బా, ఆ డబ్బా ధరేమో మామూలు రంగు కన్నా రెట్టింపు. వేశాను. మళ్ళీ గులాబీయే, కాస్త లేతగా. అంతే తేడా.

దీనికి కారణం రంగు పల్చన కావడం కాదు, ఎన్ని కోట్లయినా చాలకపోవడానికి అదే అసలు సంగతి. 1960, 70ల నాటి ఈ ముదురు గోధుమ ఫ్రెంచ్ సెట్‌లలో చాలావాటికి ఫ్యాక్టరీలో ఎర్రటి స్టెయిన్ (చెక్కలోకి ఇంకే పల్చటి రంగు) పట్టించేవారు, చెర్రీ, మహాగని లాగా కనబడాలని. కొన్ని చెక్కల్లో పుట్టుకతోనే టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. మనం పైన వేసేది నీళ్ళ రంగు. ఆ తడి లోపలి స్టెయిన్‌నీ టానిన్‌నీ కరిగించి, తను ఎండుతూ పైకి లాక్కొస్తుంది. అంటే కొత్త కోటు వేసిన ప్రతిసారీ మరకకి మనమే కొత్తగా నీళ్ళు పోస్తున్నట్టు. ఈ ఒక్క ముక్క డబ్బా వెనకాల చిన్నక్షరాల్లోనైనా ఉంటే నా మూడు వారాంతాలు మిగిలేవి.

హార్డ్‌వేర్ షాపులో రంగులు కలిపే కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన నా ఫోన్‌లో ఫొటో చూసి, నన్ను మాట పూర్తి చేయనివ్వకుండా షెల్లాక్ ప్రైమర్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. జిన్సర్ వాళ్ళ బిన్ అని, తెల్లటిది. షెల్లాక్ అంటే లక్కే. ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. అందుకని దాని మీద వేసిన నీళ్ళ రంగు ఎంత తడిగా ఉన్నా, లోపలి మరక దాకా దిగలేదు. సిద్ధాంతం ఇంతే.

వాడటం మాత్రం అంత హాయిగా ఉండదు. నీళ్ళలా పల్చగా ఉండి వంపు కాళ్ళ మీంచి కారిపోతుంది. పదిహేను ఇరవై నిమిషాల్లో ఎండిపోతుంది కాబట్టి వేసిన చోటికి మళ్ళీ బ్రష్ తిప్పితే గీతలు పడతాయి. టెక్సస్ ఎండల్లో అయితే బ్రష్ మీదే ఎండిపోతుంది, పొద్దున్నే వేసుకోవాలి. మొదటి కోటులో కాస్త గులాబీ చాయ కనిపించింది, ముప్పావుగంట ఆగి రెండోది వేస్తే పోయింది. బ్రష్ కడగాలంటే అమోనియా నీళ్ళు కావాలి. చవక బ్రష్ కొని పారేయడమే మేలు. గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి పెట్టుకుని, దగ్గర్లో స్టవ్వు, హీటరు లాంటివి లేకుండా చూసుకోండి. ఆ వాసన నాకైతే తలనొప్పి తెచ్చింది. అమ్మకి మాత్రం తెగ నచ్చింది. "ఇది మన స్పిరిట్ పాలిష్ వాసనే కదే! మీ తాతగారి మంచాలకి వేయించినప్పుడు ఇల్లంతా ఇదే" అంది.

ఆవిడ అన్నది నిజమే. మన వడ్రంగులు స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డతో అద్దేదీ లక్క రేకులే. కుసుమ్, మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే గూళ్ళ నుంచి తీస్తారు, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వైపు ఎక్కువ. ఏటికొప్పాక బొమ్మలకి అంకుడు కర్రని తిప్పుతూ అద్దే రంగూ అదే లక్క. ఆ వారం నేను ఊళ్ళో ఉన్న రంగులన్నీ తిట్టుకుంటూ తిరిగి, చివరికి అమ్మ సూట్‌కేసులో వచ్చిన కుంకుమ భరిణె మీదున్న సరుకుతోనే గట్టెక్కాను.

అప్పటి నుంచి ఇప్పటి దాకా ఒక్క గులాబీ మచ్చ మళ్ళీ రాలేదు. కాళ్ళ దగ్గర వాక్యూమ్ క్లీనర్ తగిలి రంగు లేచినచోట కూడా కింద తెల్లగానే ఉంది. ఈ సమీక్షలో నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగేది ఈ ఒక్క డబ్బా గురించే.

ఒక జాగ్రత్త. ఏ ప్రైమర్ అయినా ముందు తుడవాలి. పాత ఇళ్ళలో ఏళ్ళ తరబడి స్ప్రే పాలిష్ కొట్టి ఉంటారు, అందులో సిలికోన్ ఉంటే రంగు అంటుకోకుండా గుండ్రటి గుంటలుగా విడిపోతుంది. మినరల్ స్పిరిట్స్ (పెయింట్ థిన్నర్ లాంటి ద్రావకం)తో గుడ్డ మురికి కాకుండా వచ్చేదాకా తుడిచాను. రెండోది ఇంకా ముఖ్యం: మీ దగ్గరున్నది తెల్ల రంగు, బంగారు గీతలతో వచ్చిన పాత సెట్ అయితే శాండ్‌పేపర్ ముట్టుకోకముందే సీసం పరీక్ష చేయండి. అమెరికాలో ఇళ్ళకీ ఫర్నిచర్‌కీ వేసే రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకుముందువి ఎలా ఉన్నాయో చూసి చెప్పలేం. ఇంట్లో పాకే పిల్లలుంటే పొడి లేపకండి.

ఇప్పుడు మైనం సంగతి. రంగు మీద మెత్తటి మైనం రాస్తే పట్టులా ఉంటుందని అప్పట్లో రాశాను. ఉంటుంది. పక్కలూ సొరుగుల ముఖాలూ ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి. పైభాగం మాత్రం ఆరు నెలలు కూడా ఆగలేదు. మా ఇంట్లో డ్రస్సర్ పైన కొబ్బరినూనె సీసా ఉంటుంది, పొద్దున్నే కాఫీ గ్లాసు పెడతారు, శుక్రవారం పసుపు గిన్నె కూడా అక్కడే ఉంటుంది. కాఫీ గ్లాసు వేడికి మైనం మెత్తబడి గుండ్రంగా ముద్ర పడింది. పసుపు మరక కిటికీ ఎండకి నెమ్మదిగా వెలిసిపోయింది, దాన్ని క్షమించాను. నూనె వలయం మాత్రం కింది రంగులోకి ఇంకిపోయి జిడ్డు ముదురు మచ్చగా మిగిలింది. మైనం పూర్తిగా గట్టిపడటానికే మూడు నాలుగు వారాలు కావాలి, ఆ తర్వాత కూడా వాడకాన్ని బట్టి ఏడాదికోసారి మళ్ళీ రాయాలి. దాని మీద వార్నిష్ వేసేద్దామంటే మైనం అంటుకోనివ్వదు. అంతా స్పిరిట్స్‌తో తీయాల్సిందే.

అందుకని పోయిన ఏడాది పైపలక రంగు మొత్తం స్ట్రిప్పర్‌తో (పాత రంగుని మెత్తబరిచి ఊడదీసే మందు) తీసేశాం. పై వెనీర్ (పైన అతికించిన పల్చటి మంచి చెక్క పొర) ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు, అందుకని మా ఆయన చేతిలోంచి రుద్దే మెషీన్ లాక్కుని 220 నంబరు శాండ్‌పేపర్‌తో చేత్తోనే రుద్దాను. కింద నుంచి ఎంత అందమైన చెక్క వచ్చిందో! దాని మీద పాలీయురెథేన్ అనే గట్టి వార్నిష్ మూడు కోట్లు. నూనె ఆధారితం కొంచెం పసుపెక్కుతుంది, చెక్క మీద అది అందమే, తెలుపు మీదైతే వేయకండి. ఇప్పుడు కాఫీ గ్లాసైనా నూనె సీసా అయినా తుడిస్తే పోతుంది.

అంత బాగుంటే మొత్తం చెక్కనే ఎందుకు బయటపెట్టలేదని అడుగుతారు. ఒక కాలు మీద ప్రయత్నించాం. కాలు ఒక జాతి కర్ర, అంచు వేరే జాతి, పలక ఇంకోటి. అన్నీ ఒకటే అనిపించడానికి ఫ్యాక్టరీలో రంగు కలిపిన లాకర్ (మెరుపు పూత) కొట్టారు, అది పోతే ముక్కల బొంతే మిగులుతుంది. కాబట్టి పైన చెక్క, కింద రంగు.

గదిలో ఎలా కుదురుతుందంటే, ఒక్కటే ఉంటే కుదురుతుంది. మొత్తం సెట్, అద్దం, మంచం, బంగారు గీతలతో సహా ఒకే గదిలో పెడితే మన ఫంక్షన్ హాల్ రిసెప్షన్ స్టేజీలా ఉంటుంది, పడుకోబోయే ముందు ఎవరో అక్షింతలు వేస్తారేమోనని చూడాల్సి వస్తుంది. నిజానికి ఆ బంగారమూ తెలుపూ అమెరికాలో, ముఖ్యంగా ఆడపిల్లల గదుల కోసం, బాగా ముదిరిన వేషం. పదిహేనో లూయీ కాలంలో (1715–1774) పారిస్‌లో పుట్టిన వంపుల్ని చూసి ఊళ్ళలోని వడ్రంగులు చేసుకున్నవి చాలావరకు చెర్రీ, వాల్‌నట్, ఓక్ చెక్క అలాగే కనబడేవి, బంగారపు పూత లేనివి. ఆ వంపే అలంకారం, దాని మీద మళ్ళీ గీత ఎందుకు? చెక్కడాల్లోకి ముదురు మైనం అద్ది పాతకాలపు లుక్ తెప్పించడం కూడా నాకు నచ్చదు. అది మసి తుడవని ఇల్లులా కనిపిస్తుంది. హ్యాండిళ్ళు మాత్రం పాతవే ఉంచాను. వాటి రంధ్రాల మధ్య దూరం ఇప్పటి షాపుల్లో దొరికే సైజులకి సరిపోలేదు, మార్చాలంటే పాత కన్నాలు లప్పంతో పూడ్చి కొత్తవి వేయాలి. సబ్బునీళ్ళలో కడిగి, రబ్ అండ్ బఫ్ బంగారు మైనం వేలి చివర బఠాణీ గింజంత తీసుకుని రాశాను, చాలా బాగా వచ్చాయి. పైన పోచంపల్లి గుడ్డ ఒకటి, పక్కన మామూలు చదరపు మంచం. అంతే.

డ్రస్సర్‌కి ఐదుకి ఐదు. షెల్లాక్ ప్రైమర్‌కి నాలుగున్నర, వాసనకి అర తీసేశాను. చాక్ పెయింట్‌కి రెండే, అదీ ప్రైమర్ మీద వేశాక బాగా నిలబడింది కాబట్టి. కానీ ఇది మా ఇంటి లెక్క: సొంత గరాజ్ ఉంది, ఎత్తడానికి ఇద్దరు మనుషులున్నారు, నూనె సీసాలు వాడే ఇల్లు. అపార్ట్‌మెంట్‌లో ఉండి కిటికీ ఒక్కటే ఉన్న గదిలో ఈ పని పెట్టుకోమని చెప్పను. మీ దగ్గరున్న సెట్ మొదటి నుంచీ లేత రంగుదై, పరీక్షలో సీసం లేదని తేలితే, మీకు గులాబీ మరకల బాధే రాకపోవచ్చు, అప్పుడు డబ్బా మాట నిజమే అనిపిస్తుంది. పాత పాలిష్ చెక్కుచెదరకుండా ఉంటే అసలు రంగే వేయకండి. మా నైట్‌స్టాండ్‌లు రెండూ సీసం పరీక్షలో ఫెయిలయ్యాయి, వాటిని ఇచ్చేద్దామని మా ఆయన, గీకకుండా పైన ప్రైమర్‌తో మూసేద్దామని నేను. పిల్లాడు మంచం అంచులు కొరకడం మానేదాకా నిర్ణయం వాయిదా.