హీటర్ ప్లగ్గులు: ఒక్కటి మార్చాలా, నాలుగూనా?

మార్గశిరం వస్తే కందుకూరులో మా పాత డీజిల్ అంబాసిడర్ పొద్దున్నే మొరాయిస్తుంది. తెల్లటి పొగే తప్ప స్టార్ట్ అవదు. చలిలో డీజిల్ అంటుకునేలా సిలిండర్లను వేడిచేసే హీటర్ ప్లగ్గులు, సిలిండర్‌కొకటి చొప్పున నాలుగుంటాయి; అవి కాలిపోతే ఇంతే.

ముందు ప్లగ్గులను కలిపే పట్టీ విప్పి, బ్యాటరీ పాజిటివ్ నుంచి టెస్ట్ ల్యాంపును ఒక్కో ప్లగ్ తలకు ఆనించండి. వెలగకపోతే అది కాలిపోయినట్టే.

ఖర్చు: ఒక్కటైతే సెట్టు ధరలో నాలుగో వంతు.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. మసి పట్టి బిగుసుకున్న ప్లగ్‌ను బలంగా తిప్పితే హెడ్‌లోనే (ఇంజిన్ పైమూత) విరగొచ్చు. హెడ్ దించాల్సి రావచ్చు. నాలుగూ విప్పితే ఆ భయం నాలుగింతలు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మెల్లగా తిప్పండి, తొందర వద్దు. ఒక్కటే మారిస్తే మిగతా మూడూ పాతవే. సిరీస్ వైరింగైతే (కరెంటు ఒకదాని గుండా మరోదానికి వెళ్తే) ఒక్కటి పోయినా నాలుగూ వేడెక్కవు.

ఎండెక్కాక ఊళ్లో తిరిగే బండికి ఒక్కటి చాలు. తెల్లవారుజామున ఒంగోలుకో నెల్లూరుకో బయల్దేరే బండికైతే సెట్టంతా మార్చండి.