ది హౌస్‌మెయిడ్: మలుపు ముందే తెలిసిపోతుంది, అయినా చదివిస్తుంది

తెల్లారి ఆఫీసు ఉందంటే రాత్రిపూట ‘ది హౌస్‌మెయిడ్’ మొదలుపెట్టకండి. ఫ్రీడా మెక్‌ఫాడెన్ నవల, 2022లో వచ్చింది. చాప్టర్లు చాలా చిన్నవి, ప్రతిదాన్నీ పాత వారపత్రిక సీరియల్లో ‘సశేషం’ పడే చోట ఆపినట్టు ఆపుతుంది, ఇంకొక్కటి చదివి పడుకుందాం అనుకుంటూనే సగం పుస్తకం అయిపోతుంది.

మిల్లీ పదేళ్లు జైల్లో ఉండి పెరోల్ మీద బయటికొచ్చింది. ఇల్లు లేదు, కార్లోనే పడుకుంటోంది. లాంగ్ ఐలాండ్‌లో విన్‌చెస్టర్ అనే డబ్బున్నవాళ్ల ఇంట్లో ఉంటూ పనిచేసే ఉద్యోగం దొరుకుతుంది. ఆమెకిచ్చింది అటక మీద చిన్న గది. కిటికీ తెరుచుకోదు, తలుపుకి తాళం బయటివైపు ఉంటుంది. ఇక ఇంటాయన ఆండ్రూ అందగాడు, ఓపికమంతుడు, నోటి వెంట ఒక్క పరుషమైన మాట రాదు. థ్రిల్లర్లో ఇంత మంచి మొగుడు కనిపిస్తే వాడి మీద ఓ కన్నేసి ఉంచాలని ఇలాంటివి నాలుగు చదివినవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

మరి ఎందుకు వదల్లేదూ అంటే, ఇంటావిడ నీనా వల్ల. స్కూల్లో పీటీఏ (పేరెంట్స్, టీచర్ల సంఘం) మీటింగ్ కోసం రాసుకున్న కాగితాలు కనబడలేదని వంటగదంతా పీకి పందిరేసి, నువ్వే పారేశావంటూ మిల్లీ మీద విరుచుకుపడే సీన్ ఒకటుంది. మిల్లీకి తన తప్పేం లేదని తెలుసు, అయినా నోరెత్తదు, ఎందుకంటే ఈ ఉద్యోగం పోతే మళ్లీ కారే గతి, పైగా జైలుకెళ్లొచ్చిన మనిషికి ఇంకెవరు పనిస్తారు? నాకు అసలు టెన్షన్ అక్కడే అనిపించింది. ట్విస్టు కన్నా, వెళ్లిపోవాలనుకున్నా వెళ్లలేని ఆ పరిస్థితే ఎక్కువ భయపెట్టింది.

అప్పటిదాకా మిల్లీ చెప్తున్న కథని సగం దాటాక నీనా చెప్పడం మొదలెడుతుంది. 2012లో గిలియన్ ఫ్లిన్ థ్రిల్లర్ నవల ‘గాన్ గర్ల్’ వచ్చాక ఈ ఎత్తు చాలామంది వేశారు కాబట్టి ఉలిక్కిపడేదేం లేదు, కానీ పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. అంతకుముందు పిచ్చిగా అనిపించిన నీనా పనులన్నిటికీ ఒక్కొక్కటిగా లెక్క తేలుతుంది. తోటమాలి ఎంజోని మాత్రం సరిగ్గా వాడుకోలేదు. చివర్లో పోలీసుల దగ్గర బయటపడే కాకతాళీయం అయితే నాకు అస్సలు మింగుడుపడలేదు, రచయిత్రికి తొందరగా ముగించేయాలనిపించిందేమో.

ఇంగ్లిష్ చాలా తేలిక, ఇంగ్లిష్ నవలలు ఇప్పుడిప్పుడే మొదలెట్టేవాళ్లు డిక్షనరీ పక్కన పెట్టుకోకుండా చదివేయొచ్చు. వర్ణనలూ, మనసు లోతులూ కావాలంటే మాత్రం ఇది మీకు కాదు. 5కి మూడున్నర ఇస్తాను, అందులో ఒకటి పూర్తిగా నీనాకే. 2025 డిసెంబరులో సినిమా కూడా వచ్చింది, నీనాగా అమాండా సైఫ్రెడ్, మిల్లీగా సిడ్నీ స్వీనీ. చదివే ఉద్దేశం ఉంటే దాని ట్రైలర్ కూడా చూడకండి, ఉన్న ఆ కాస్త సస్పెన్సూ పోతుంది.